శుచీ రుచీ: గూడెం హోటళ్ల మీద కొన్ని మాటలు

తాడేపల్లిగూడెం అని రైల్వే వాళ్లు పసుప్పచ్చ బోర్డు మీద రాస్తారు గానీ మా వైపు ఎవరూ అంత పొడుగు పేరు పలకరు. గూడెం అంటారు. ఏలూరు బస్టాండులో కండక్టరు "గూడెం, గూడెం" అని కేకేస్తాడు. అదే మాటకి మా జిల్లాలో ఇంకో అర్థం కూడా ఉంది. ఊరికి అవతల, మురుక్కాలవ పక్కన మావాళ్లుండే చోటూ గూడెమే. ఒక గూడెంలో పుట్టి ఇంకో గూడెంలో చదువూ తిండీ వెతుక్కున్నవాణ్ణి నేను. ఆ రెండో గూడెంలో మంచి హోటలేదో తేల్చుకోడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

దళిత సంకలనంలో హోటళ్ల గొడవేంటని నవ్వేవాళ్లుంటారు. వాళ్లు ఒకసారి రాజ్యాంగం తీసి 15వ అధికరణం రెండో భాగం చదవాలి. కులం పేరుతో మనిషిని ఎక్కడెక్కడికి రానివ్వకుండా ఆపకూడదో అక్కడ జాబితా ఉంది. మొదటి వరసలో దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లు, వినోదశాలలు. రెండో వరసలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. బావి కంటే ముందు హోటల్ ఉంది చూడండి. బాబాసాహెబ్ అంబేద్కర్ తన చిన్ననాటి ప్రయాణం గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. 1901లో తండ్రిని చూడ్డానికి బయల్దేరిన పిల్లలు దగ్గర తిండి పెట్టుకుని కూడా, దార్లో నీళ్లిచ్చేవాడు లేక ఆకలితోనే పడుకున్నారు. దారిలో కాసిని నీళ్లు దొరకడమంటే ఏంటో ఆయనకి పుస్తకాలు చెప్పక్కర్లేదు.

మా తాత పాలేరు. ఊళ్లో టీకొట్టు దగ్గర ఆయన గ్లాసు పాక చూరులో బోర్లించి ఉండేది. తీసుకుని, పైనుంచి పోస్తే పట్టుకుని, తాగి, కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. అదే తాత కామందు బెల్లం బండి తోలుకుని గూడెం వచ్చినప్పుడు మార్కెట్ దగ్గర టీ కొట్టువాడు అందరికీ ఇచ్చే గ్లాసులోనే ఆయనకీ ఇచ్చేవాడంట. పేరడగలేదు, ఊరడగలేదు. "గూడెం టీ బాగుంటాదిరా" అని పోయేదాకా చెప్పాడు తాత. నేను పెద్దయ్యాక ఆ వీధిలో చాలాసార్లు టీ తాగాను. మామూలు టీయే. కొంచెం పంచదార ఎక్కువ. తాత అన్నేళ్లు మెచ్చుకున్నది ఆ గ్లాసుని.

మన తిండి విమర్శ ఇక్కణ్ణుంచి మొదలవ్వాలని నా వాదన. పై కులపువాడు హోటల్లోకి వెళ్లి కూర్చోగానే సాంబారు గురించి మాట్లాడగలడు. అతని విమర్శ నాలుక మీద మొదలవుతుంది. మన విమర్శ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. "మీదేవూరండీ?" "ఏ పేటండీ?" "ఎవరి తాలూకండీ?" ఇంకా తెగించినవాడైతే "మీరేవిట్లు?" గోదావరి జిల్లా వాళ్లు మర్యాదస్తులు. కులం అడిగేటప్పుడు కూడా 'అండీ' తగిలిస్తారు. ఈ ప్రశ్నలు పుట్టని చోట ముద్ద గొంతు దిగుతుంది. పుట్టే చోట నేతి గారె పెట్టినా దిగదు. కాబట్టి గుమ్మం దాటనివ్వడం, ప్రశ్న వెయ్యకపోవడం కూడా వంట నాణ్యతలో భాగమే. దీన్ని లెక్కలోకి తీసుకోని తిండి రాతలన్నీ సగం రాతలు.

మా నాన్న ఉల్లిపాయల మార్కెట్లో హమాలీ. కర్నూలు సరుకూ మహారాష్ట్ర సరుకూ లారీల్లో వచ్చి గూడెంలో దిగుతుంది. ఇక్కణ్ణుంచి చుట్టుపక్కల జిల్లాలకి పోతుంది. తెల్లారకముందే బస్తా కింద భుజం పెట్టాలి. నాన్నకి అక్షరాలు రావు గానీ హోటల్ని అంచనా కట్టడానికి ఆయనకి మూడు కొలతలుండేవి. రెండోసారి చట్నీ అడిగితే మొహం చూడకుండా వెయ్యాలి. ఒంటి మీద చెమటా ఉల్లిపొట్టూ ఉన్నా బల్ల మీద కూర్చోనివ్వాలి. కూలి డబ్బులు చేతికొచ్చేదాకా ఖాతా రాసుకోవాలి. ఈ మూడూ ఉన్న బండి దగ్గరే ఆయన దిబ్బరొట్టె తినేవాడు. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, మందపాటి మూకుట్లో నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద కాలుస్తారు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. చెరుకుపానకంతో తినేవాళ్లు తింటారు, నాన్నకి అల్లప్పచ్చడి కావాలి. ఒక రొట్టె తింటే పన్నెండింటిదాకా బస్తాలు మొయ్యొచ్చనేవాడు. ఇంతకన్నా గట్టి సమీక్ష నేను ఏ పేపర్లోనూ చదవలేదు.

ఇక ఊళ్లో 'మంచి హోటల్' అన్నప్పుడు వాడే మాటలు చూద్దాం. 'శుచీ రుచీ' అంటారు. బోర్డుల మీద, కరపత్రాల మీద ఈ జంట విడిపోదు. శుభ్రం వేరు, శుచి వేరు. శుభ్రం కంటికి కనపడుతుంది. బల్ల తుడిచారా, ఈగలు వాలుతున్నాయా, నీళ్లు కాచారా అన్నది ఎవరైనా చూసి చెప్పొచ్చు. దానికి కులం అక్కర్లేదు. శుచి కంటికి కనపడదు. వండిందెవరు, తాకిందెవరు, పక్కన కూర్చున్నదెవరు అని ఆరా తీస్తే గానీ తేలదు. అంటే శుచి అనే మాటలోనే ఆ గుమ్మం దగ్గర ప్రశ్న దాక్కుని ఉంది. మన పిల్లలు కూడా వ్యాసాల్లో, వీడియోల్లో "శుచిగా వండుతారు" అని అలవాటుగా రాసేస్తున్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మాట పక్కన పెట్టండి. శుభ్రంగా వండుతారని రాయండి. మీరు చూసిందే రాసినట్టవుతుంది.

తెలుగు సాహిత్యంలో హోటల్ కొత్తది కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్లింటి భోజనం వర్ణన ఉంది. ఒక రూకకి ఎన్ని రకాలు వడ్డించారో కవి నోరూరేలా చెప్పాడు. సురవరం ప్రతాపరెడ్డి లాంటి వాళ్లు అలాంటి పద్యాలు పట్టుకునే ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. కన్యాశుల్కంలో గిరీశాన్ని మేపింది పూటకూళ్లమ్మ. మనకి డిగ్రీలో ఈ పాఠాలు చెప్పినప్పుడు హాస్యం చెప్పారు, వర్ణన చెప్పారు. ఆ ఇంటి విస్తట్లో కూర్చునే అర్హత ఎవరికుంది, ఆకులు ఎత్తిందెవరు, ఆ కట్టెలు కొట్టిందెవరు అని ఒక్క మాస్టారూ అడగలేదు. పూటకూళ్లిల్లు ఆంధ్రుల భోజన చరిత్రయితే, దాని పెరటి గోడ అవతల నిలబడ్డవాళ్లు ఏ జాతి? వాళ్ల భోజన చరిత్ర ఏ పద్యంలో ఉంది?

ఇప్పుడు గూడెం అయినా, భీమవరం అయినా, ఏలూరయినా, హైవే మీదయినా ఒకసారి హోటల్ బోర్డులు చదువుకుంటూ వెళ్లండి. రాజుగారి కోడిపలావు. రెడ్డిగారి భోజనం. చౌదరిగారి వంటిల్లు. నాయుడుగారి బిర్యానీ. బ్రాహ్మణ భోజనం. ఊరూరా ఇవే. ఒక్క ఊరి పేరూ, ఒక్క వంటవాడి పేరూ లేదు. కులం పేరే మసాలా అయింది. ఈ బోర్డు ఏం చెప్తోంది? రుచి చేతిలోంచి రాదు, పుట్టుకలోంచి వస్తుందని చెప్తోంది. లోపలికెళ్లి చూస్తే ఆ పలావు కలిపేది ఏ కులపువాడో ఎవరికీ తెలీదు. ఒరిస్సా నుంచి వచ్చిన కుర్రాడు కావచ్చు, మా పేట కుర్రాడే కావచ్చు. అతని చేతి వంటే తింటూ ఇంకొకరి పుట్టుకని మెచ్చుకుంటున్నారు.

బోర్డు మీద కులం చిన్న సంగతని అనేవాళ్లకి రెండు కబుర్లు. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో మురళీ కేఫ్ అనే హోటల్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట తీసెయ్యాలని పెరియార్ ఉద్యమం మొదలెట్టాడు. నెలల తరబడి పికెటింగ్ జరిగింది. వందలమంది అరెస్టయ్యారు. చివరికి ఆ మాట బోర్డు మీంచి పోయింది. ఇది ఒక కబురు. రెండోది 2024 జూలై. ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్లూ బళ్లూ యజమానుల పేర్లు రాసి పెట్టాలని పోలీసులు హుకుం జారీ చేశారు. పేరు చూస్తే మతం తెలుస్తుంది కదా, అందుకు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఒకచోట పై కులపువాడు ఇష్టంగా పేరు రాసుకుంటున్నాడు. ఇంకోచోట కిందివాడి చేత బలవంతంగా రాయిస్తున్నారు. రెండు బోర్డుల పనీ ఒకటే, తినబోయేవాడికి శుచి సంగతి ముందే చెప్పడం. అదే ఏడాది మార్చిలో జొమాటో శాకాహారానికి వేరే కుర్రాళ్లు, వాళ్లకి ఆకుపచ్చ చొక్కాలు అంది. గొడవైతే మర్నాడే చొక్కా రంగు మాట వెనక్కి తీసుకుంది. సెల్‌ఫోన్లో ఆర్డరు పెట్టినా చూరు కింద గ్లాసు మనల్ని వదల్లేదు.

నేను ఉద్యోగంలో చేరాక జరిగింది ఒకటి చెప్తాను. ఒక మాస్టారి రిటైర్మెంటు పార్టీకి అందరం హైవే మీద ఒక హోటల్‌కి వెళ్లాం. దాని పేరు అనవసరం. పలావు రాగానే పక్కనున్నాయన "ఎంతయినా వాళ్ల చెయ్యి వేరండీ, ఆ రక్తంలోనే ఉంటుంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ప్రేమగానే, "మీ ఇళ్లలో ఏం స్పెషల్ మాస్టారూ?" అన్నాడు. బల్ల చుట్టూ ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఏం ఊహించుకున్నాడో అందరికీ తెలుసు. "ఉప్పుచేప వంకాయండి, రొయ్యపొట్టు చింతచిగురండి, ఆదివారం పెద్దమాంసం గోంగూరండి" అన్నాను. నవ్వులు ఆగాయి. ఒకాయన ఐస్‌క్రీం ఆర్డరిచ్చాడు. నన్ను తిట్టలేదు, లేవమనలేదు. నా ఇంటి వంట పేరు ఆ బల్ల మీద పడగానే అందరూ వేరే మాటలోకి వెళ్లిపోయారంతే. ఈ కాలపు అంటరానితనం చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

బడిలో కూడా రోజూ ఒక హోటల్ నడుస్తుంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడిపిల్లలకి వండిన అన్నం పెట్టమంది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2004లో అదే కోర్టు వంటమనుషుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకి, గిరిజనులకి మొదటి ప్రాధాన్యం ఇవ్వమంది. నేను పనిచేసిన ఒక బడిలో మావాళ్లావిడ వండేది. ఆవిడ చారు వాసనకి నాలుగో పీరియడులోనే పిల్లలు పలకలు సర్దేసేవారు. అయినా కొందరిళ్ల నుంచి క్యారియర్లొచ్చేవి. "మావాడికి బడి అన్నం పడదండి" అనేవారు. ఆ పిల్లలే మధ్యలో లేచొచ్చి గుడ్డు పులుసు అడిగి తినేవారు. పిల్లాడి నాలుకకి రుచి తెలుసు, శుచి అనేది ఇంట్లో నేర్పాలి. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వచ్చినవాళ్లకి అన్నం పెట్టిన తల్లి, ఆవిణ్ణి గౌరవిద్దాం. అయితే రోజూ పొగలో నిలబడి వండే ఆయాల పేర్లు కూడా బడి గోడ మీద రాద్దాం. రుచి ఎవరి చేతిదో పిల్లలకి తెలియాలి.

చేపల సంగతి రాకుండా మా ప్రాంతం తిండి గురించి మాట్లాడ్డం కుదరదు. ప్రతి హోటలూ 'కొల్లేరు చేప' అని రాస్తుంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అప్పటికే కైకలూరు, ఆకివీడు వైపు నీళ్లన్నీ బొచ్చెలూ శీలావతులూ అయిపోయాయి. అవి ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తా పోతాయి. తెల్లారుజామున గొంతు లోతు నీళ్లలో వల లాగే కూలీల్లో వడ్డీలున్నారు, మావాళ్లున్నారు. వాళ్లు ఇంటికి తెచ్చుకునేవి జెల్లలు, ఇంగిలాయిలు, పరిగెలు, మట్టగిడసలు. కూలివాడి పులుసు వాటితోనే. అవి రాన్రానూ తగ్గిపోతున్నాయి. అందుకే గూడెంలో నా పరీక్ష ఇది: లోపలికెళ్లి "ఇవాళ చిన్నచేపలేం వచ్చాయి?" అని అడుగుతాను. "అవుండవండీ, అపోలో ఫిష్షుంది" అంటే అది చేపల హోటల్ కాదు. "పరిగెలున్నాయి గానీ ముళ్లండీ, తింటారా?" అంటే కూర్చుంటాను. చింతపండు పులుసు, పచ్చిమిరప, పైన మెంతిపొడి. పొద్దున కాచింది మధ్యాహ్నానికి ఊరి ఉంటుంది. అలాంటి చోట్లు గూడెంలో ఇంకా ఉన్నాయి. స్టేషను వైపు, మార్కెట్ వైపు సందుల్లో వెతకాలి. లారీ డ్రైవర్లూ హమాలీలూ ఎటు నడుస్తున్నారో చూసి వెనకే వెళ్లండి. బోర్డు కోసం చూడకండి, చాలాసార్లు ఉండదు.

ఆదివారం చర్చి విడిచాక పేటలో ఒకావిడ అరుగు మీద పెద్దమాంసం గోంగూరా, తలకాయ పులుసూ అమ్ముతుంది. గిన్నె తీసుకెళ్లాలి. గంటలో అయిపోతుంది. నా లెక్కలో ఊళ్లో మొదటి స్థానం ఆ అరుగుదే. కానీ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మా అమ్మ నలభై ఏళ్లు ఇంట్లో వండింది, ఒక్కసారీ హోటల్లో కూర్చుని తినలేదు. నాన్న మెచ్చుకున్న బళ్ల దగ్గర ఆడమనిషి నిలబడి తింటే మనవాళ్లే వింతగా చూసేవారు. నాన్న మూడు కొలతలకీ అమ్మ తరఫున నేను నాలుగోది చేరుస్తున్నాను: కూలికొచ్చిన ఆడమనిషి ఒంటరిగా వచ్చి కూర్చుని తినగలగాలి. ఈ కొలత పెడితే మన బళ్లు కూడా చాలా తప్పిపోతాయి. తప్పనివ్వండి. విమర్శ అన్నాక మనకీ వర్తించాలి.

మరి మనం కూడా 'మాలవారి భోజనం', 'మాదిగవారి వంట' అని బోర్డు పెడితే? ఉద్యమంలో ఉన్న మిత్రులు ఇదే అంటారు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' అని పేరు పెట్టి కారాలూ పచ్చళ్లూ అమ్మడం మొదలెట్టాడు. ఆ ధైర్యానికి నా దండం. కానీ నాకొక పేచీ ఉంది. పుట్టుకలోంచి రుచి వస్తుందని రాజుగారి బోర్డు చెప్తే అబద్ధమైంది, మన బోర్డు చెప్తే నిజమవుతుందా? ఆ అరుగు మీది ఆవిడ గోంగూర బాగుండేది ఆవిడ కులం వల్ల కాదు. ముప్ఫై ఏళ్లుగా ఆ పొయ్యి దగ్గర ఆవిడ నేర్చుకున్న దాని వల్ల. అలాగని మిగతా అందరి కులం పేర్లూ మెయిన్ రోడ్డు మీద వెలుగుతుంటే మన పేరు మాత్రం రాయడానికి కూడా లేకపోవడం న్యాయం కాదు. గూడెం మెయిన్ రోడ్డులో మన పేరుతో హోటల్ పెడితే అద్దెకి షాపు దొరుకుతుందా, దొరికినా బల్లలు నిండుతాయా అని ఎవరికి వాళ్లు ఆలోచించుకోండి. మీకు తోచిన జవాబే ఆ రాజుగారి బోర్డుకున్న ధర. అందుకే మన డిమాండు ఇంకో బోర్డు కాకూడదు, ఉన్న బోర్డుల మీంచి కులం దిగాలి. వండినవాళ్ల పేరు ఎక్కాలి.

అది ఎప్పటికవుతుందో గానీ ఈలోపు మనం చెయ్యగలిగింది ఒకటుంది. అమెరికాలో 1936లో విక్టర్ గ్రీన్ అనే నల్ల పోస్టుమాను ఒక చిన్న పుస్తకం వేశాడు. నల్లవాళ్లు ప్రయాణంలో అవమానపడకుండా ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పడుకోవచ్చో అందులో ఊరూరా రాసి ఉండేది. 1960ల నడిమి దాకా అది వస్తూనే ఉంది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ల భోజనబల్ల దగ్గర కూర్చుని లేవమన్నారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఈ పుస్తకం అక్కర్లేని రోజు రావాలని గ్రీన్ తన ముందుమాటలోనే రాసుకున్నాడు. పుస్తకం వెయ్యడం, బల్ల దగ్గర కూర్చోవడం రెండూ ఒక పోరాటంలో భాగాలే.

గూడెం, ఏలూరు, భీమవరం ఎస్సీ హాస్టళ్లలో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తలా ఒక నోటుబుక్కు పెట్టండి. తిన్న చోటల్లా రాయండి. ఎవరు వండారు, ఎంత తీసుకున్నారు, ఏం బాగుంది, ఏం బాలేదు, రెండోసారి అడిగితే వేశారా, ఏ పేటని అడిగారా, అమ్మాయిలు కూర్చోగలిగారా. రుచి గురించి కూడా సిగ్గుపడకుండా రాయండి. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని రాయండి. ఆకలి గురించే మాట్లాడాలి, రుచి గురించి మాట్లాడ్డం మనది కాదు అని మనకెవరో నేర్పారు. అది కూడా ఒక రెండో గ్లాసే. పరిగెల పులుసు దొరికిన చోటు ముందు నాకు చెప్పండి, సెలవురోజు చూసుకుని వస్తాను.